ఇనుము ఏరేసిన నేల

నాగమల్లేశ్వరిని మా కాలనీ పిల్లలు బీప్ ఆంటీ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఒక్కడికీ లేదు. నేను మల్లేశ్వరక్క అంటాను. అమెరికాలో, అరోరా అనే ఈ ఊళ్ళో మా పక్కిల్లు వాళ్ళది. ఆమెది చీరాల, నాది జగిత్యాల. ఆమె గోంగూర పచ్చడి మా ఇంటికీ, నా సర్వపిండి వాళ్ళింటికీ ఎన్నిసార్లు చేతులు మారాయో లెక్క లేదు. వారాంతం వస్తే మిగతా ఆడవాళ్ళు గుడికో, షాపింగుకో, ఎవరింటికో భోజనానికో బయల్దేరతారు. ఈవిడ మాత్రం సల్వార్ మీద భర్త పాత జాకెట్ తొడుక్కుని, మోకాళ్ళకు మెత్తలు కట్టుకుని, భుజాన మెటల్ డిటెక్టర్ వేసుకుని పొలాల మీద పడుతుంది.

"అక్కా, బంగారం దొరికితే నాకు సగం" అని ఏడిపించేదాన్ని.

"బంగారం ఎవురిక్కావాలే. ఇనుము దొరికితే చాలు" అనేది.

ఆ మాట వేళాకోళానికి అన్నది కాదు. ఈ పని సరదాగా చేసే అమెరికన్లు తమ మిషన్లు ఇనుముకు మోగకుండా చూసుకుంటారు. వాళ్ళకు కావలసింది వెండి నాణేలు, ఉంగరాలు. మేకులకూ గొలుసు ముక్కలకూ వంగి తవ్వితే నడుం నొప్పి తప్ప ఏమొస్తుందని వాళ్ళ లెక్క. అక్కకు అదే పిచ్చి. గరాజ్‌లో కారు పెట్టాల్సిన చోట అరలు బిగించి, వాటి నిండా పేర్చింది. సుత్తితో సాగగొట్టిన నలుపలకల మేకులు, గుర్రపు నాడాలు, ఎద్దుల లాడాలు, నాగటి కర్రు ముక్కలు, ఇనుప పొయ్యి కాళ్ళు. తుప్పు ముద్దను చేతిలో తిప్పి తిప్పి, అదేమిటో తేలేదాకా ఆమెకు అన్నం సహించదు.

దానికి ఆమెకో పద్ధతి ఉంది. మిషన్ మోగిన చోట ముందుగా ఓ చిన్న నారింజరంగు జెండా గుచ్చుతుంది. తవ్వాక, ముక్కను కదపకుండా ఫోన్‌తో ఫొటో తీస్తుంది. దాని చుట్టుపక్కల ఇంకేమున్నాయో చూసుకున్నాకే పైకి తీస్తుంది. "ఒక్క మేకు దొరికితే అది ఉత్త మేకే విద్యా. దాని పక్కన ఇంకొన్ని వరసగా ఉంటే అది తలుపు" అని నాకు పాఠం చెప్పేది. నేను ఊ కొడుతూ ఫోన్ చూసుకునేదాన్ని.

ఆమె భర్త కోటేశ్వరరావు గారికి ఈ తుక్కంటే ఒళ్ళుమంట. అయినా పైకి అనరు. ఆయన నెమ్మదస్తుడు, అంతకంటే ఎక్కువ భయస్తుడు. ఒక్కటే షరతు పెట్టారు. శనివారం ఇనుము గడప దాటి రాకూడదు. శనివారం ఇనుము ఇంటికి తెస్తే శనిని వెంటబెట్టుకు వచ్చినట్టేనని వాళ్ళమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. అందుకని శనివారం దొరికినవన్నీ కారు డిక్కీలో పడి ఉండి, ఆదివారం పొద్దున ఇంట్లోకి వచ్చేవి. నాకు నవ్వొచ్చేది. కానీ నేనూ అలాంటి ఇంట్లో పెరిగినదాన్నే, నోరు మూసుకునేదాన్ని.

ఇక్కడ శశికాంత్ సంగతి చెప్పాలి. కోటేశ్వరరావు గారి వీసా అతని చేతిలో ఉంది. అతని కన్సల్టెన్సీ పేరు మీదే ఈయన హెచ్ వన్ బి. అతను ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేస్తేనే ఈయన ఈ దేశంలో ఉంటారు. గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తూ జుట్టు తెల్లబడిన మనుషులు వీళ్ళు. శశికాంత్ వయసులో చిన్నవాడు, అంకుల్ అంటూ మర్యాదగానే మాట్లాడతాడు. ఆ మర్యాద చూస్తే నాకు చిరాకు.

అతను ఊరికి పడమర, మొక్కజొన్న పొలాలు మొదలయ్యే చోట, ఇల్లు కట్టుకుందామని పాత ఫార్మ్‌లో కొంత భూమి కొన్నాడు. అతని భార్య అంకిత అప్పుడు కడుపుతో ఉంది. పెళ్ళైన చాలా ఏళ్ళకు నిలిచిన కడుపు. పాపం ఆ పిల్ల గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడేది. తెనాలిలో ఉండే వాళ్ళ సిద్ధాంతి వీడియో కాల్‌లో భూమి చూసి, శల్యదోషం ఉందన్నాడు. నేలలో ఇనుమూ ఎముకలూ ఉంటే పుట్టబోయే బిడ్డకు మంచిది కాదు, భూమిపూజకు ముందే ఏరేయించమన్నాడు. ఏరడానికి మిషన్ ఉన్న మనిషి మన తెలుగువాళ్ళలో ఒక్కతే ఉంది.

"ఆంటీ, ప్లీజ్, మా ల్యాండ్ అంతా స్కాన్ చేసి క్లీన్ చేసిపెట్టరా? ఒక్క మేకు కూడా మిగలకూడదు" అని అంకిత ఫోన్ చేసింది.

అక్క మురిసిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె మిషన్‌ను చూసి నవ్విన మనవాళ్ళే పిలిచి పని చెప్పారు మరి. పైగా భర్త యజమాని ఇల్లు. కాదనే మాటే లేదు.

వరసగా కొన్ని శనివారాలు ఆ పొలంలోనే గడిపింది. కొన్నిసార్లు నేనూ వెళ్ళాను, ఫ్లాస్క్‌లో టీ పట్టుకుని. ఆమె ఎప్పుడూ తవ్వనంత లోతు తవ్వింది. ముక్క దొరకగానే పీకి బకెట్‌లో పడేసి, మట్టి పూడ్చి, తొక్కి, ముందుకు కదిలింది. నాకు వింతగా తోచింది.

"జెండాలేవి అక్కా? ఫొటోలు తియ్యవా?"

"ముహూర్తం దగ్గిర పడింది విద్యా. జెండాలు గుచ్చుకుంటా కూచుంటే ఈ జన్మకి తెమలదు. వాళ్ళకి ఇనుము పోతే చాలు. అది ఏందన్నది వాళ్ళకెందుకు?"

ఆ ఇనుము శనివారం ఇంటికి పోకూడదు. పూజ జరిగే భూమ్మీద ఉండకూడదు. అందుకని అంకిత రోడ్డుకు అవతల గట్టు మీద ఒక ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టించింది. పొలంలో ఏ మూల దొరికిందైనా సరే, ఆ వారం దొరికిందీ ఈ వారం దొరికిందీ అన్నీ ఆ డ్రమ్ములోనే కలిసిపోయాయి. ఎంత దొరికితే అంత శుభమని మేమంతా చప్పట్లు కొట్టినంత పని చేశాం. మిషన్ ఆ చివర నుంచి ఈ చివరదాకా ఒక్కసారి కూడా మోగని రోజున అక్క రెండు చేతులూ దులుపుకుని, "చూడు, గుండిగలాగా తోమిపెట్టా" అంది.

పొలం చదును చేయించి, టెంటు వేసి, భూమిపూజ బ్రహ్మాండంగా చేశారు. పులిహోర బాగుంది. ఆ తర్వాత ఆదివారం చూసి డ్రమ్ము అక్క గరాజ్‌కు చేరింది.

తుప్పు వదిలించడానికి ఆమె సోడా కలిపిన నీళ్ళలో ముక్కలు వేలాడదీసి, బ్యాటరీ ఛార్జర్‌తో సన్నగా కరెంటు పంపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తుప్పు బురదలా జారిపోయి లోపలి ఆకారం బయటపడుతుంది. ఆ వారమంతా ఇద్దరం గరాజ్‌లోనే కబుర్లు చెప్పుకున్నాం. గురువారం మధ్యాహ్నం ఆమె బ్రష్‌తో రుద్దుతూ రుద్దుతూ ఆగింది.

ఆమె చేతిలో చిన్న పిడి ఉంది. నా రెండు వేళ్ళు మాత్రం పట్టేంత. దాన్ని బిగించే రేకు మీద ముడుచుకుని పడుకున్న గొర్రెపిల్ల బొమ్మ.

"ముద్దుగ ఉందక్కా. ఏదన్న పెట్టెదా?"

"పెట్టెదే." ఆమె పిడి లోపలి వైపు బొటనవేలితో రాసి చూసింది. తర్వాత అరలోంచి ఒక పాత ట్రంకు పిడి తీసి నా చేతిలో పెట్టింది. "దీని లోపల తడుము. ఎట్టా ఉంది?"

"నున్నగ అరిగిపోయింది."

"ఇప్పుడు ఇది తడుము."

పోతపోసిన గరుకు అలాగే ఉంది. నాకేమీ అర్థం కాలేదు.

"పెట్టె పిడి అన్నాక జనం పట్టుకుంటారు, ఎత్తుతారు, దించుతారు. అరుగుద్ది. దీన్ని ఎవురూ వాడలేదు విద్యా. ఒక్కసారి పట్టుకున్నారు, అంతే" అంది. అంటూ అంటూనే ఆమె గబగబా డ్రమ్ములో వెతకడం మొదలుపెట్టింది. అలాంటివే ఇంకొన్ని పిడులు దొరికాయి. కొన్నిటికి గొర్రెపిల్ల, కొన్నిటికి పువ్వు, కొన్నిటికి ఏమీ లేదు. మూడు రకాలు, మూడు సైజులు, అన్నీ చిన్నవే. వాటితోబాటు, స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండా వేళ్ళతోనే తిప్పి మూత బిగించే రెక్కల మరలు.

మర్నాడు వాళ్ళ డిటెక్టర్ క్లబ్బులో పెద్దాయన వాల్టర్‌ను పిలిపించింది. ఆయన వచ్చి, టేబుల్ మీద పరిచినవి చూసి, తలమీది టోపీ తీసేశారు. ఆ పని చూడగానే నాకూ తెలిసిపోయింది.

"పిల్లల శవపేటికలవి" అన్నారాయన ఇంగ్లిష్‌లో, మెల్లిగా. "ముగ్గురు పిల్లలు. పాత రోజుల్లో ఫార్మ్ కుటుంబాలు తమ పొలంలోనే ఓ మూల పెట్టుకునేవాళ్ళు. చలికాలంలో పోయిన పిల్లలైతే గడ్డకట్టిన నేల లోతుగా తవ్వలేకపోయేవాళ్ళు. ఆ తర్వాత ఇన్నేళ్ళ దున్నకానికీ వానకీ పైమట్టి కొట్టుకుపోయి ఇవి పైకి వచ్చుంటాయి. ఎక్కడ దొరికాయి?"

"తెలవదు" అంది అక్క తెలుగులోనే. ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాల్సి వచ్చింది.

ఆయన ఒక పిడిని తీసి తిప్పి చూశారు. పైన చెక్క గుర్తులేవైనా ఉండి ఉన్నా ఎప్పుడో పుచ్చిపోయి ఉంటాయని, ఆ పిల్లలు ఫలానా చోట ఉన్నారని చెప్పడానికి మిగిలింది ఈ ఇనుము ఒక్కటేనని అన్నారు. ఆ ఒక్కటీ మా అక్క శ్రద్ధగా, ఒక్క మేకు మిగలకుండా పీకి డ్రమ్ములో పోసింది. వచ్చే సోమవారమే పునాది తవ్వకం.

శనివారం తెల్లవారగానే ఇద్దరం పొలంలో ఉన్నాం. ఆమె మిషన్ హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని ఓ చివర మొదలుపెట్టింది. నిశ్శబ్దం. రెండో చాలు, మూడో చాలు, అంతా నిశ్శబ్దమే. పూడ్చిన గుంటల ఆనవాళ్ళు కూడా పూజకోసం చేసిన చదునులో కలిసిపోయాయి. ఆమె మిషన్‌లోని మీటలన్నీ తిప్పింది, శబ్దం పెంచింది, మిషన్ పళ్ళాన్ని నేలకు ఆనించి ఈడ్చింది. ఏ మేకైనా తన కన్నుగప్పి ఉండకపోతుందా, దాని పక్కన ఇంకోటి ఉండకపోతుందా అని ఆశ. మధ్యాహ్నానికి పైకే బతిమాలడం మొదలుపెట్టింది.

"ఒక్కటి. ఒక్క మేకు మోగవే తల్లీ. ఒక్కటి మోగు."

నాకు ఏడుపొచ్చింది. అంత శుభ్రంగా పని చేసి తగలెట్టినందుకు ఆమె మీద కోపమూ వచ్చింది. చప్పట్లు కొట్టిన మా అందరిమీదా వచ్చింది. "ఇగ చాలక్కా, కాళ్ళు పోతయ్. ఎవరి పిల్లలో ఏమో, వంద ఏళ్ళైపోయింది. వాళ్ళ అమ్మలు కూడా పోయిన్రు. నువ్వెందుకు గింతగనం..." అన్నాను.

ఆమె మిషన్ కింద పడేసి మట్టిలో కూలబడింది.

"నాకో పాప పుట్టింది విద్యా" అంది.

వాళ్ళకు పిల్లల్లేరనే ఈ కాలనీలో అందరికీ తెలుసు.

"జెర్సీ సిటీలో ఉన్నప్పుడు. ఎనిమిదో నెల్లో కదలటం మానేసింది. పుట్టాక ఏడవలా. ఆస్పత్రోళ్ళు గుడ్డలో చుట్టి చూపిస్తామన్నారు. మా అత్తయ్య ఫోన్లో, చూడబాకండి, అట్టాంటి బిడ్డకి కర్మలుండవు, పేరు పెట్టబాకండి, వాళ్ళకే వదిలేసి ఇంటికి రండి అంది. ఈయన సరేనన్నాడు. నేనేం చెప్పే స్థితిలో ఉన్నా? వాళ్ళే ఏదో చేశారు. ఎక్కడ పెట్టారో, పెట్టారో తగలబెట్టారో, నాకు తెలవదు. ఈయన్ని అడిగితే ఆ సంగతెత్తొద్దు అన్నాడు." మట్టి పిడికిట్లోకి తీసుకుంది. "ఈ పిల్లల్ని వాళ్ళమ్మ ఒకచోట పెట్టుకుంది. గొర్రెపిల్ల బొమ్మేయించి మరీ పెట్టుకుంది. ఆ చోటు నేను చెరిపేశా. నేను. తెలిసినదాన్ని గూడా."

నేనూ మట్టిలోనే ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమే లేచి మళ్ళీ మిషన్ అందుకుంది.

ఆదివారం శశికాంత్ ఇంటికి వెళ్ళాం. కోటేశ్వరరావు గారు రాననే రాలేదు. పిడులు టేబుల్ మీద పెట్టగానే అంకిత కడుపు మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి జరిగింది. "నాకు చెప్పొద్దు ఆంటీ, ప్లీజ్, నాకేం చెప్పొద్దు" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. శశికాంత్ మాత్రం కాఫీ ఇచ్చి, ఓపిగ్గా విన్నాడు.

"సరే ఆంటీ. ఎక్కడో చూపించండి, ఆ స్పాట్ వదిలేసి ఇల్లు పక్కకి జరుపుతాను. నేనేమన్నా రాక్షసుణ్ణా?"

"అదే నాయనా, ఎక్కడో తెలవటంలా. కొన్నాళ్ళు ఆపు. కౌంటీ ఆఫీసోళ్ళకి చెప్తే వాళ్ళే వెతుకుతారు."

"కౌంటీకి చెప్తే ప్రాజెక్టు ఏడాది ఆగిపోతుంది. ఎక్కడో మీకే తెలీదు, ఉన్నాయో లేదో అసలే తెలీదు. ఉన్న ఇనుము మీరే తీసేశారు కదా, దోషం కూడా పోయిందని సిద్ధాంతి గారు అన్నారు." కప్పు కింద పెట్టాడు. "అన్నట్టు, అంకుల్ ఎక్స్‌టెన్షన్ ఫైలింగ్ ఈ నెలే. లాయర్‌తో మాట్లాడుతున్నాను. టెన్షన్ పడొద్దని చెప్పండి."

అంత తియ్యగా మెడ మీద కత్తి పెట్టే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇంటికి రాగానే కోటేశ్వరరావు గారు గుమ్మంలోనే చేతులు పట్టుకున్నారు. అప్పటికే ఆయనకు ఫోన్ వచ్చినట్టుంది. "మల్లీ, నీకు దణ్ణం పెడతా. ఈ వయసులో ఎక్కడికి పోతాం? ఎవరిస్తారు నాకు ఉద్యోగం? వదిలెయ్. అయిపోయినవాళ్ళు అయిపోయారు."

"మీకు వదిలెయ్యటం బాగా వచ్చు" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్నే ఆమె నా కారు దగ్గర నిలబడి ఉంది, పిడులన్నీ తువ్వాల్లో మూటగట్టుకుని. ఆఫీస్‌కి సిక్ లీవ్ కొట్టి పోనిచ్చాను. మేం వెళ్ళేసరికే పెద్ద మిషన్ రోడ్డువైపు నుంచి పైమట్టి గీకి ఓ పక్కన గుట్టగా పోస్తోంది. కారు పూర్తిగా ఆగకముందే అక్క దిగి పరుగెత్తింది. మెత్తని మట్టిలో రెండుసార్లు పడింది. లేచి, ఆ మిషన్ తొట్టికి ఎదురుగా చేతులు చాపి నిలబడింది.

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. శశికాంత్ ఎక్కడినుంచో అరుచుకుంటూ వచ్చాడు. "ఆంటీ, ఆర్ యూ క్రేజీ? ఇది ప్రైవేట్ ప్రాపర్టీ! పోలీసుల్ని పిలుస్తాను!"

"పిలు నాయనా, పిలు. నేను గూడా అదే పని మీదున్నా" అంటూ ఆమె ఫోన్ చెవికి పెట్టుకుంది. కంగారులో వచ్చిన ఇంగ్లిష్ కూడా పోయింది. "చిల్డ్రన్. అండర్. త్రీ చిల్డ్రన్. స్టాప్ దెమ్, ప్లీజ్" అని మాత్రమే అనగలిగింది. నేను ఫోన్ లాక్కుని అడ్రస్ చెప్పాను.

షెరీఫ్ ఆఫీసు నుంచి వచ్చిన మనిషి మొదట నమ్మలేదు. ఎక్కడ అని అడిగాడు. తెలియదంది. ఎందుకు తెలియదన్నాడు. నేనే తీసేశాను అంది. ఆ మాట ఆమె అన్నప్పుడల్లా నాకు చెవులు మూసుకోవాలనిపించింది. చివరికి తువ్వాలు విప్పింది. అతను గొర్రెపిల్ల ఉన్న పిడిని వేళ్ళతో తీసుకుని చూశాడు. వెళ్ళి కారు దగ్గర ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి వచ్చాడు. పని ఆపేయమన్నాడు.

అదే సాయంత్రం కోటేశ్వరరావు గారికి రేపటినుంచి ప్రాజెక్టుకు రావద్దని ఈమెయిల్ వచ్చింది. అందులోనూ మర్యాదకేం తక్కువ లేదట.

కొన్నాళ్ళకు కౌంటీవాళ్ళు ఓ ఆర్కియాలజిస్టును పంపారు. చిన్న అమ్మాయి, అవని అని మన పిల్లే, ఇక్కడ పుట్టి పెరిగింది. మిషన్‌తో పైమట్టిని వేలి మందం చొప్పున గీకిస్తూ, కింద తేలిన నేల రంగు చూస్తూ నడిచేది. రెండో రోజున ఆగి అక్కను పిలిచింది.

"ఆంటీ, లుక్. ఈ రౌండ్‌వి ఏంటి? ఇక్కడ చాలా ఉంది."

పసుపుపచ్చని మట్టిలో అరచేయంత నల్లని గుండ్రాలు. అక్క తవ్వి పూడ్చిన గుంటలే. పైన కనబడకుండా పోయినవి కింద చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇనుము పోయినా, ఇనుము తీసిన చోటు మిగిలింది. అవని వాటన్నిటికీ జెండాలు గుచ్చింది. చెల్లాచెదురుగా ఉన్న ఆ గుంటల మధ్య ఒకచోట అవి దగ్గర దగ్గరగా, ఎదురెదురుగా ఉన్నాయి. వాటి నడుమ పొడుగ్గా ముదురు రంగు మట్టి. ఉయ్యాల తొట్టె కంటే పెద్దది కాదు. దాని పక్కనే ఇంకొకటి.

అక్క ఏడ్చిన ఏడుపు నేను రాయలేను. అవని కూడా ఆమె భుజం పట్టుకుని ఏడ్చేసింది.

మూడోది దొరకలేదు. ఆ రెండింటికీ రోడ్డువైపు, అదే వరసలో ఉండి ఉండాలంది అవని. సరిగ్గా అక్కడే సోమవారం పొద్దున మేం వెళ్ళకముందు పెద్ద మిషన్ లోతుగా గీకేసింది. ఆ మట్టి గుట్టలో కలిసిపోయింది. జల్లెడ పడతాం, కానీ పసిపిల్లల ఎముకలు ఇన్నేళ్ళు మిగలవు, దొరకకపోవచ్చు అని చెప్పింది. ఇప్పటికీ దొరకలేదు.

ఆ మాట విన్నాక అక్క ఆ గుట్ట దగ్గరికి వెళ్ళి చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. ఎంతమంది పిలిచినా వినలేదు. గోళ్ళు విరిగాయి. పిడికెడు తీసి, చిదిపి, వాసన చూసి, పక్కన పోసి, మళ్ళీ పిడికెడు. "ఒక్కరోజు ముందు ఫోన్ చేసుంటే. ఆదివారమే చేసుంటే. వాడింట్లో కాఫీ తాగుతా కూచున్నా" అంటోంది. తడిసిన మట్టి ఆమె మీదికి జారుతోంది.

కోటేశ్వరరావు గారు ఆ రోజు మాతో వచ్చారు. ఉద్యోగం లేని మనిషి ఇంట్లో ఉండలేక వచ్చారు. అప్పటిదాకా కారు దగ్గరే నిలబడి ఉన్నవారు నెమ్మదిగా వచ్చి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"మల్లీ, చాలు. లే."

"మూడోది నా వల్లే పోయింది. ఎక్కడుందో ఇంకెవరికీ తెలవదు."

"లే మల్లీ."

"మీకేం తెలుసు? ఎక్కడుందో తెలవకుండా బతకటం మీకేం తెలుసు?"

"మన పాప ఎక్కడుందో నాకు తెలుసు" అన్నారు.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఆ వారమే వెళ్ళి ఆస్పత్రివాళ్ళని అడిగా. పసివాళ్ళ కోసం విడిగా స్థలం ఉంది. వరసలో నంబరు బిళ్ళ వేశారు. అమ్మ నీకు చెప్పొద్దంది, చెప్తే నువ్వు తేరుకోవంది. తర్వాత చెప్దామంటే నోరు రాలేదు. క్లయింట్ పని మీద న్యూజెర్సీ వెళ్తున్నానన్నప్పుడల్లా అక్కడికే వెళ్ళా మల్లీ. వెళ్ళి కాసేపు కూచుని వచ్చేవాణ్ణి."

ఆమె ఆయన వంక చూసింది. ఇన్నేళ్ళలో ఆమె ఆయన్ని మీరు తప్ప మరో మాట అనగా నేను వినలేదు.

"నీకు తెలుసా?" అంది. "ఇన్నేళ్ళూ నీకు తెలుసా?"

మట్టి చేతుల్తో ఆయన గుండెల మీద కొట్టింది. ముఖం మీద కొట్టింది. ఆయన తప్పుకోలేదు, చేతులు అడ్డం పెట్టుకోలేదు. నేను ఆపబోయి ఆగిపోయాను. కొట్టనీ అనుకున్నాను, నిజం చెప్పొద్దూ, నాకూ రెండు తగిలించాలనిపించింది. కొట్టి కొట్టి ఆమె చేతులు వాటంతటవే ఆయన చొక్కా పట్టుకుని ఉండిపోయాయి.

చాలాసేపటికి తలెత్తి అడిగింది. "నీడుంటుందా అక్కడ?"

"పొద్దుటిపూట ఉంటుంది. మధ్యాన్నం ఎండే."

"కారు తియ్యి."

"ఇప్పుడా? పద్నాలుగు గంటలు పడుతుంది మల్లీ. రేపు ఫ్లైట్ బుక్ చేస్తా."

"కారు తియ్యి."

ఆయన జేబులన్నీ తడుముకున్నారు. తాళాలు ఆయన చేతిలోనే ఉన్నాయి.